గానుగచెక్క దేశాంతరయాత్ర

నూనె దిగిన పిమ్మట గానుగలో మిగులు పిప్పిని మనవారు చెక్క యందురు. నువ్వులదైనచో తెలకపిండి యందురు. తమిళదేశమున తరతరములుగా కాపురముండు మాబోటివారు దానినే పిణ్ణాక్కు అనుటకు అలవాటుపడిరి. కన్నడ దేశమున నున్న మన బంధువులకు అది హిండి, ఒడిశాలోనివారికి పిడియా, మహారాష్ట్రమున స్థిరపడినవారికి పేండ్. ఇంటిలో తెలుగును కాపాడుకొన్న కుటుంబములలో సయితము పశువుల కొట్టములో మాత్రము ఇరుగుపొరుగు మాటయే చెల్లుట నేను పలుతావుల గమనించితిని. చెక్క అంగడిలో కొనవలసిన వస్తువు. అంగడిమాట అంగడివానిదే గదా!

ఈ పేర్లలో పిణ్ణాక్కునకు సంస్కృతమునందలి పిణ్యాకముతో గల పోలిక స్పష్టము. పిణ్యాకము మన దేశమున బహు ప్రాచీనమైన వస్తువు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున సురాపాన దోషమునకు ప్రాయశ్చిత్తము విధించుచు, ఒక సంవత్సరకాలము నూకలు గాని, రాత్రివేళ ఒక్కమారు పిణ్యాకము గాని తిని యుండవలెనని చెప్పబడినది. మనుష్యుడు చెక్క తినుట ఆనాటికే శిక్షగా నెంచబడెనన్నమాట. పశువునకో, అది విందు. మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునందు శామశాస్త్రిగారు వెలికితెచ్చి 1909 లో ప్రకటించిన కౌటిలీయ అర్థశాస్త్రమున గోధ్యక్షుని విధులు చెప్పు ఘట్టము కలదు. ముకుదాడు వేసిన మేలుజాతి యెద్దునకు అర్ధభారము పచ్చిక, దానికి రెట్టింపు మామూలు గడ్డి, ఒక తుల, అనగా నూరు పలముల చెక్క, పది ఆఢకముల తవుడు, అయిదు పలముల ఉప్పు ఇయ్యవలెనని అందు కలదు. యవలు గాని ఉడికించిన మినుములు గాని పెట్టవలెనని కూడ నున్నది. కాని అది రాజుగారి పశుశాల. సామాన్య రైతు కొట్టములోని యెద్దు ఉడికించిన మినుముల రుచి యెరిగియుండునని నేననుకొనను.

ఆ సామాన్య రైతు పద్ధతిని మనలో పెద్దలు కన్నులార చూచియున్నారు. మనుష్యుడు తినునది మనుష్యునకు. అతడు తినలేనిది పశువునకు. వరిచేని గింజ ఇంటికి, గడ్డి వామికి, తవుడు కుడితి తొట్టికి. జొన్న గింజ మనకు, చొప్ప యెద్దులకు. రాయలసీమలో వేరుశెనగ కాయ కోసికొన్న పిదప ఆ కట్టెను బంగారమువలె దాచుకొందురు. కృష్ణా గోదావరి డెల్టాలలో వరిపంట తీసిన మడులలో పిల్లిపెసర, జనుము పెంచి పశువులకు మేపుచుండిరి. ఆ మడులనే పిమ్మట మినుము చాలవరకు ఆక్రమించినది. నువ్వులు, వేరుశెనగలు గానుగకు పోయినచో నూనె దీపమునకును వంటకును, చెక్క గొడ్డునకును వచ్చుచుండెను. కొన్నియెడల ఆ చెక్కయే గానుగవాని కూలి. ఆముదపు పిండిలో విషము కలదు గావున దానిని పశువుదరికి రానీయక, వేపపిండితోబాటు పొలమునకు ఎరువుగా తోలుచుండిరి. చెక్క తిన్న గొడ్డు పేడ సారవంతము. ఆ పేడ తిరిగి చేనికే చేరును. చేనినుండి వెడలినది నూనె యొక్కటే. నూనెలో భూసారమేమియు లేదు. అది గాలినుండియు నెండనుండియు పుట్టినది. ఈ చక్రము ఒక్క గ్రామపు పొలిమేరలోనే తిరుగుచుండెను. అది యెట్లు తెగెనో, తెగిన కొసలు ఏ సముద్రముల కావలికి పోయి ముడిపడెనో చెప్పుటయే నా యుద్దేశము.

మొదటి పిలుపు ఇంగ్లండునుండి వచ్చినది. 18వ శతాబ్దిలో అచట టర్నిపు దుంపలును, క్లోవరు గడ్డియు పంటల వరుసలో చేరుటచే, శీతకాలమునందును పశువులను మేపి నిలుపుకొనుట సాధ్యమాయెను. లీస్టరు మండలమున రాబర్ట్ బేక్‌వెల్ అను రైతు గొఱ్ఱెలను, పశువులను ఏరి జతగూర్చి మాంసమునకై ప్రత్యేకమైన జాతులను పెంచెను. త్వరగా బలియు జంతువునకు త్వరగా బలియజేయు మేత కావలెను. అవిసెగింజల చెక్క అందులకు సరిపోయినది. 19వ శతాబ్దిలో ఆ చెక్క ఓడలమీద దిగుమతి కాసాగెను. అమెరికానుండి పత్తిగింజల చెక్కయు వచ్చి చేరెను. ఆంగ్లేయ రైతు దానిని మేతగాను, పేడరూపమున ఎరువుగాను రెండు విధముల లెక్కించుకొనెను. రోథమ్‌స్టెడ్ క్షేత్రమున లాస్, గిల్బర్ట్ అను శాస్త్రజ్ఞులు ఏ మేతనుండి ఎంత ఎరువు లభించునో పట్టికలు వ్రాసిరి. కౌలుదారు భూమిని విడిచిపోవునపుడు, తాను కొని మేపిన చెక్కవలన ఆ నేలకు చేకూరిన సారమునకు పరిహారము పొందుటకు చట్టమే హక్కు కల్పించెను. చెక్క అనగా నేలసారమే యని ఆ దేశమువారు ఎంత బాగుగా నెరుగుదురో దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లండునకు మించిన పాఠము డెన్మార్కుది. 1870 తరువాత అమెరికానుండియు రష్యానుండియు చౌక ధాన్యము వచ్చి పడగా ఐరోపా రైతుల ధర పడిపోయినది. జర్మనీ, ఫ్రాన్సు సుంకములు వేసి తలుపులు మూసికొనెను. చిన్న దేశమైన డెన్మార్కు తలుపులు మూయక, తాను ధాన్యమమ్ముట మాని, వచ్చిన చౌక ధాన్యమును చెక్కనే కొని ఆవులకు, పందులకు మేపి, వెన్నయు ఉప్పుమాంసమును ఇంగ్లండునకు అమ్మజొచ్చెను. 1878 లో స్వీడను దేశీయుడు గుస్తావ్ డి లావల్ పాలనుండి మీగడను వేరుచేయు యంత్రమును నిర్మించెను. 1882 లో జెడ్డింగ్ గ్రామమున రైతుల సహకార పాలకేంద్రము వెలసెను. వెన్న తీసిన పాలు పందులకు, పందులు 1887 నుండి సహకార మాంసాగారములకు. ఈ యేర్పాటు చూచి లోకమంతయు మెచ్చుకొన్నది, మెచ్చుకొనదగినదే. కాని ఆ ఆవు తినుచున్నది డెన్మార్కు నేలలో పండినది మాత్రమే కాదు. దేశాంతరపు పొలముల సారము ఓడలలో వచ్చి, ఆ ఆవు కడుపున దూరి, వెన్నగా బయటికి పోయి, పేడగా డెన్మార్కు నేలలో నిలిచిపోవుచుండెను.

ఆ పొలములలో మనవియు కలవు. వేరుశెనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పైరైనను, చోళమండల తీరపు ఇసుకనేలలకు అది అతికినట్లు సరిపోయెను. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఫ్రాన్సులోని మార్సేల్ నగరపు నూనె, సబ్బు పరిశ్రమలకు వేరుశెనగ మిక్కిలి కావలసివచ్చినది. సెనెగాలునుండి వచ్చునది చాలదాయెను. యానామువలెనే ఫ్రెంచి ఏలుబడిలోనున్న పుదుచ్చేరి ఇందులకు ముఖ్యమైన రేవుగా నేర్పడెను. దక్షిణార్కాటు పల్లెలనుండి బండ్లమీదను, రైలుమీదను గింజలు రేవునకు చేరుచుండెను. ఇచట గమనింపదగినదేమన, పోయినది నూనె కాదు, గింజ. నూనె మార్సేల్ గానుగలలో దిగెను; చెక్క ఐరోపా పశువులకు దక్కెను. మన తెలికలవారి గానుగకు పనియు, మన గొడ్డునకు మేతయు, మన చేనికి ఎరువును ఒక్కమారే తగ్గెను. రైతునకు మాత్రము రొక్కము చేతికి వచ్చెను. ఈ కడపటి మాటను విడిచి చెప్పుట న్యాయము కాదు.

దీనిని మొదట గట్టిగా పలికినవారిలో ఒక ఆంగ్లేయుడే యుండుట విశేషము. జాన్ ఆగస్టస్ వోల్కర్ రాయల్ వ్యవసాయ సమాజమువారి రసాయన శాస్త్రజ్ఞుడు. అతని తండ్రియు అదే పనిచేసి, ఇంగ్లండు అంగళ్లలో కల్తీచెక్కను బయటపెట్టి పేరుపొందినవాడు. కుమారుడు 1889 చివర మన దేశమునకు వచ్చి, సంవత్సరమునకు పైగా ఊరూర తిరిగి, 1893 లో తన నివేదికను ప్రకటించెను. భారతదేశపు రైతు మూఢుడని యెంచుట పొరపాటనియు, వానికి కొరత జ్ఞానము కాదు, ఎరువును నీరును వంటచెరకును అనియు అతడు వ్రాసెను. నూనెగింజలను గింజలుగనే పంపుటవలన నేలసారము పరదేశములకు పోవుచున్నదనియు, నూనెను మాత్రమే పంపి చెక్కను ఇచటనే నిలిపినచో నష్టము స్వల్పమనియు అతని వాదము. అదే 1893 లో ఇంగ్లండున కల్తీ ఎరువులను, కల్తీ మేతలను అరికట్టు చట్టము వచ్చినది. తండ్రి ఒక తీరమున చెక్క మంచిదో కాదో చూచెను. కొడుకు రెండవ తీరమున అది పోవలెనా వలదా యని అడిగెను.

కొడుకు అడిగిన ప్రశ్నకు జవాబు 35 ఏండ్లకు వచ్చినది. 1926 లో లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతన నియమింపబడిన రాయల్ వ్యవసాయ సంఘమువారు నూనెగింజలు, చెక్క, ఎముకలు దేశము దాటకుండ నిషేధింపవలెనను వాదమును విని, 1928 నివేదికలో దానిని తోసిపుచ్చిరి. ఎగుమతి నాపినచో ధర పడిపోవును. పడిన ధర రైతు తలమీద పడును. కొందరి మేలునకై మరియొకరిమీద పన్ను వేసినట్లగును. దేశమున నూనె పరిశ్రమ పెరుగుటయే సరియైన మందు అని వారి యభిప్రాయము. నేను ఈ రెండు వాదములను పలుమారు మనసున త్రిప్పి చూచితిని. సంఘమువారు తూచినది వేరుశెనగ అమ్మువాని తూకము. వోల్కర్ తూచినది నేల తూకము. పాడిగేదె నొక్కదానిని పెట్టుకొని చెక్క కొనుక్కొను విధవరాలి తూకము ఆ నివేదికల పుటలలో వెదకినను కానరాదు. మా పితామహి అట్టిదే. జింజీ ప్రాంతమున మాకు ఇల్లు తప్ప పొలము లేదు. ధర పెరిగిన మాసములలో ఆమె చెక్కకు బదులు తవుడును, తవుడునకు బదులు చింతగింజల పొడిని కలుపుచుండెను. గేదె ఆ మార్పును ఆ పూటయే పాలచెంబులో తెలియజేయుచుండెను.

పరదేశపు మేతమీద నాధారపడిన పశువు యుద్ధము వచ్చినచో ఏమగును? మొదటి ప్రపంచయుద్ధము దీనికి రెండు జవాబులు చూపినది. జర్మనీకి పూర్వము రష్యానుండి బార్లీ విస్తారముగా వచ్చి పందుల కడుపు నింపుచుండెను. యుద్ధముతో అది ఆగిపోయెను. పందులు మనుష్యుల బంగాళాదుంపలను, ధాన్యమును తినివేయుచున్నవని పండితులు లెక్కలు గట్టి చెప్పగా, 1915 వసంతమున లక్షలాది పందులను వధించిరి. దానికి పందుల హత్య యనియే పేరు నిలిచినది. ఒక్కమారు వచ్చిపడిన మాంసములో కొంత నిలువచేయజాలక చెడిపోయెను. పిమ్మట కొవ్వునకును మాంసమునకును కటకట యేర్పడెను. డెన్మార్కుకు అదే ఆపద 1917 లో కలిగెను. అచట మిక్కెల్ హిందేదె అను వైద్యుని సలహాను ప్రభుత్వము పాటించి, పందులలో అధికభాగమును తగ్గించి, వానికి పోవు బార్లీని, తవుడును మనుష్యుల రొట్టెలో కలిపించెను. ఆ సంవత్సరమున దేశమున మరణములు మునుపటికంటె తగ్గెనని హిందేదె 1920 లో ప్రకటించెను. ధాన్యముతో కాచు సారాయి కూడ అప్పుడు మిక్కిలి తగ్గెను గావున ఆ కీర్తి యంతయు రొట్టెదే యనుట తొందర. అయినను కరవు సమయమున జంతువు మూతికిని మనుష్యుని నోటికిని నడుమ ధాన్యమును ఎవరు పంచుదురు, ఎట్లు పంచుదురు అను ప్రశ్నకు ఇంతకంటె తేటయైన దృష్టాంతము నాకు దొరకలేదు.

యుద్ధములు ముగిసిన పిమ్మట చెక్క రూపము మారినది. ఎద్దుగానుగలో నూనె పూర్తిగా దిగదు. నూటికి పది పండ్రెండు పాళ్లు చెక్కలోనే నిలుచును. ఎక్స్‌పెల్లరు యంత్రములో ఆరేడు పాళ్లు. హెక్సేను అను ద్రావకముతో కడిగినచో ఒక పాలు కూడ మిగులదు. ఆ కడిగిన పిండినే వర్తకులు ఎక్స్‌ట్రాక్షన్ అందురు. మన దేశమున ఈ కర్మాగారములు పెరిగి, 1963 లో బొంబాయి కేంద్రముగా వారి సంఘము వెలసినది. లిన్‌లిత్‌గో సంఘము కోరినట్లే నూనె దేశమున నిలిచెను. వోల్కర్ కోరినది మాత్రము తలక్రిందులాయెను: నూనె ఇచట, పిండి ఓడలో.

ఆ వ్యాపారమునకు ఒక బూజు అడ్డము వచ్చినది. 1960 లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు కారణము తెలియక చచ్చెను. వెదకి చూడగా బ్రెజిలునుండి వచ్చిన వేరుశెనగ పిండి దొరకెను. ఆ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజు విడిచిన విషము దొరకెను. దానికి అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. అది కాలేయమును చెరచును. విషము తిన్న ఆవు పాలలోనికిని దిగును. అటుతరువాతి దశాబ్దములలో ఐరోపావారు మేతలో ఈ విషమునకు హద్దులు విధించి, ఆ హద్దులను బిగించుచు వచ్చిరి. మన వేరుశెనగ పిండికి ఆ ద్వారము చాలవరకు మూసికొనిపోయెను.

నేను మదరాసులో ఒక ఎగుమతి వ్యాపారుల కార్యాలయమున గుమాస్తాగా పనిచేసితిని. పిండి ఓడకెక్కు ముందు పరీక్షాపత్రము జతపరుపవలెను. విషపు పాళ్లు వందకోట్లలో ఇన్ని యని దానిలో నుండును. ఒకమారు మచ్చు తీయుటకు వచ్చినవారు గిడ్డంగి వాకిటనున్న ఆరిన బస్తాలనుండి మాత్రమే తీసిరి. లోపలి వరుసలకు వాన తగిలిన సంగతి అందరమును ఎరుగుదుము. ఆ పత్రమును టైపు చేసినవాడను నేనే. నోరెత్తలేదు. అవతలి రేవున సరకు నిలిచిపోయి, తుదకు తక్కువ ధరకు మరియొక దేశమునకు తరలినది. నష్టము వర్తకుని లెక్కలలో కొంతయే కనబడెను. తక్కినది ఆ యేటి కొనుగోలు ధరలో రైతులకు పంచబడెను. కాయ సులువుగా ఒలుచుటకని నీళ్లు చల్లు పూర్వపు అలవాటే బూజునకు మూలములలో ఒకటి యని శాస్త్రజ్ఞులు చెప్పుచు వచ్చిరి. ఆ మాట రైతు చెవిని వేయుటకు నావంటి గుమాస్తాలు ఒక్క కార్డైనను వ్రాసిన జ్ఞాపకము లేదు.

వేరుశెనగ వెనుకబడుటకు బూజు ఒక్కటే కారణము కాదు. సోయా చిక్కుడు ముందుకు వచ్చినది. చైనా దానికి పుట్టినిల్లు. మంచూరియా సోయా 1908 ప్రాంతమున ఐరోపా చేరెను. పిమ్మట అమెరికా దానిని విస్తారముగా సాగుచేసెను. చౌకయైన మాంసకృత్తుల మేత వేరొకటి పెరూ తీరమున పట్టు ఆంచోవీ చేపల పొడి. 1970 లో ఆ చేపలను 1 కోటి 20 లక్షల టన్నులకు పైగా పట్టిరి. 1972 లో ఎల్‌నినో వచ్చి సముద్రజలము వేడెక్కగా, మితిమీరిన వేటతో నప్పటికే చిక్కిన ఆ సంపద కూలిపోయి, మరుసటి యేటికి సుమారు ఆరవవంతునకు దిగినది. పొడి లేదు గావున అందరును సోయాకై పరుగిడిరి. ధర ఆకాశమంటెను. 1973 జూన్ 27 న అమెరికా ప్రభుత్వము తన పశుపోషకులను కాపాడుటకై సోయా ఎగుమతి నాపెను. కొలది నెలలలోనే ఆ కట్టు తొలగింపబడినను జపాను మరువలేదు. వారికి సోయా పశువుల మేత మాత్రమే గాదు, నిత్యాహారము. 1974 లో వారి ప్రధాని తనాకా బ్రెజిలునకు పోయెను. 1979 నుండి జపాను ధనసహాయముతో బ్రెజిలు నడుమనున్న సెరాడో అను విశాలమైన బీడునేల సేద్యమునకు వచ్చెను. పులుపెక్కిన ఆ నేలలకు సున్నము తోలిరి. జొహానా డొబెరైనర్ అను శాస్త్రజ్ఞురాలు నత్రజని ఎరువునకు బదులు వేరుబుడిపెల సూక్ష్మజీవులను నమ్ముకొనుడని పట్టుబట్టి గెలిచెను. ఒక్క చేపల పంట తప్పుటయు, ఒక్క ఆజ్ఞాపత్రమును కలిసి భూగోళపు అవతలి వైపున అడవివంటి నేలను దున్నించెను. నేడు సోయా పండించుటలో బ్రెజిలు ప్రపంచమున మొదటిది.

ఆ బ్రెజిలు పచ్చికలలో మనవారు చూచినచో గుర్తుపట్టునది ఒకటి కలదు: తెల్లని దేహము, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు. అది మన ఒంగోలు జాతి. అచటివారు దానిని నెలోర్ అందురు. 19వ శతాబ్దినుండి అది అంచెలంచెలుగా ఆ దేశము చేరినది. 1960 తరువాత కొనిపోబడిన ఆబోతులలో ఒకదానికి ఒంగోలు చెంతనున్న కరవది గ్రామపు పేరే నిలిచి, దాని సంతతి ఆ దేశమున వేలకు విస్తరించెను. బ్రెజిలులో పశువుల సంఖ్య 20 కోట్లకు పైబడినది. వానిలో అత్యధికభాగము నెలోర్, లేక దాని సంకరము. ఇచట నాగలికిని బండికిని ప్రసిద్ధిచెందిన జాతి అచట మాంసమునకై పెరుగుచున్నది. దీనికి గర్వింపవలెనా, ఖేదపడవలెనా యను తగవు మా సంఘ సమావేశములలో రెండుమారులు చెలరేగి తేలకయే పోయినది. నాకు మాత్రము ఆ జాతి యచట గడ్డి తినియే బ్రదుకుట ముఖ్యముగా తోచినది. ఒంగోలు గొడ్డు పచ్చికమీద బలియును; సోయా పిండి అధికముగా ఓడలెక్కి పోవునది కోళ్లకును పందులకును.

పోవునది యెచటికి? చైనాకు. 1978 తరువాత ఆ దేశమున సంపద పెరిగినకొలది మాంసము వినియోగము పెరిగెను. సోయా పుట్టినిల్లైన చైనా 1990 తరువాత దానిని కొనునదాయెను. 2020 లో దిగుమతి 10 కోట్ల టన్నులను దాటెను. ప్రపంచపు పందులలో సుమారు సగము అచటనే కలవు. 1961 లో ప్రపంచమంతట ఉత్పత్తియైన మాంసము సుమారు 7 కోట్ల టన్నులు. ఇప్పుడు 34 కోట్లకు మించినది. పండిన తృణధాన్యములలో సుమారు మూడవవంతు పశుపక్ష్యాదుల మేతకు పోవుచున్నది. అయితే ఒక్కటి చెప్పవలెను: ప్రపంచ పశువులు తినునదంతయు కూర్చి చూచినచో నూటికి 86 పాళ్లు గడ్డి, చొప్ప, చెక్క మొదలగు మనుష్యుడు తినజాలనివే యని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పండితులు 2017 లో లెక్కతేల్చిరి. కనుక పశువే ధాన్యదొంగ యని కేకలు వేయుట తగదు. ఏ పశువు, ఏ మేత యని అడుగవలెను. చౌకమేతకై దురాశపడిన ఫలము ఇంగ్లండున 1986 లో బయటపడినది: గడ్డితిను ఆవునకు జంతువుల మాంసము, ఎముకల పొడిని పెట్టగా వానికి మెదడు తెగులు సోకెను, 1988 లో ఆ మేతను నిషేధించిరి.

మన దేశపు సంగతి కొంచెము చెప్పి విరమింతును. 1964 అక్టోబరు 31 న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు గుజరాతులోని కంజరి గ్రామమున సహకార పాల సంఘమువారి మిశ్రమ దాణా కర్మాగారమును ప్రారంభించిరి. కోళ్ల పరిశ్రమకు పెద్దదిక్కైనవాడు తెలుగువాడైన డాక్టరు బి. వి. రావు, 1971 లో ఆయన నెలకొల్పిన వెంకటేశ్వర హేచరీస్ పుణె కేంద్రముగా పెరిగినది, గ్రుడ్ల ధరను రైతులే నిర్ణయించుకొనుటకు 1982 లో సమన్వయ సంఘమును ఏర్పరచినవాడును ఆయనయే. మహారాష్ట్రమున నున్న మనవారికి ఆయన పేరు నేను చెప్పనక్కరలేదు. కోడి యనగా మొక్కజొన్న, సోయా. కొల్లేటి చెఱువులలో మనవారు ఒక చిత్రమైన ఉపాయము కనిపెట్టిరి: నూనె తీసిన తవుడును, వేరుశెనగ చెక్కను రంధ్రములు పొడిచిన బస్తాలలో నింపి నీటిలో కఱ్ఱలకు వ్రేలాడదీయుదురు, చేపలు వచ్చి పీల్చికొనును. మా పితామహి కుడితి తొట్టిలో కలిపిన తవుడే అది. దానికిప్పుడు గేదెతోబాటు కోడియు, చేపయు పోటీ.

ఈ పోటీలో ప్రభుత్వము అటు ఇటు ఊగుచున్నది. 2021 లో సోయా పిండి ధర మండిపోగా, జన్యుమార్పిడి సోయాను మన పొలములలో వేయనీయని దేశమే, కోళ్ల రైతుల మొరవిని అట్టి పిండిని 12 లక్షల టన్నులు దిగుమతి చేసికొనుటకు అనుమతించెను. 2023 జూలైలో పాడి రైతుల మొరవిని నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించెను. వోల్కరే లేచి వచ్చెనా యనిపించినది. వెంటనే మిల్లుల వారు లిన్‌లిత్‌గో సంఘము మాటనే వల్లించిరి, ధర పడిన వరిరైతే నష్టపోవునని. 2024 నాటికి మొక్కజొన్న సారాయి యంత్రములకు, అనగా మోటారు బండ్ల ఇంధనమునకు పోవుటచే, దానిని అమ్ముచుండిన దేశము కొనవలసివచ్చెను. హిందేదె కాలమున సారాయిబట్టీ చేసిన పనినే ఇప్పుడు మోటారు చేయుచున్నది.

మా వీథిలో పాలు పోయు మనిషి తెలుగువాడే; తిరువళ్లూరు ప్రక్కనుండి వచ్చినవాడు. మూడు గేదెలు కలవు. మొన్న దాణా బస్తాకు కుట్టిన చీటీ తెచ్చి, "అయ్యా, ఇందులో ఏమేమి యున్నవో చదివి చెప్పుడు, ఈమారు వెన్న తగ్గినది" అని నిలుచుండెను. నూనె తీసిన తవుడు, మొక్కజొన్న, సోయా పిండి, పత్తిగింజల చెక్క, బెల్లపు మడ్డి, ఖనిజముల పొడి యని చదివితిని. ఏది యెంత పాలో చీటీలో లేదు. వేరుశెనగ పిణ్ణాక్కు పేరు రానేలేదేమని అతడడిగెను. నేను చీటీని మరల మొదటినుండి చదివితిని.